రోజుకో ఎర్రర్‌తో పడిపోతున్న ఇంటి కంప్యూటర్: తప్పు విండోస్‌దా, ర్యామ్‌దా, కరెంటుదా?

జమాఖర్చు (విజయవాడ, సత్యనారాయణపురం)
అందరికీ నమస్కారం. వన్‌టౌన్‌లోని బట్టల కొట్లకు ఇంటి నుంచే లెక్కలు రాస్తుంటాను. 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1, 20వ తేదీకి 3బీ అనే జీఎస్‌టీ రిటర్నులు దాఖలు చేయాలి కాబట్టి ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు నుంచి లేవడమే ఉండదు. సరిగ్గా అప్పుడే ఇది మొరాయిస్తోంది. పొద్దున బుద్ధిగానే పని చేస్తుంది. సాయంత్రం అయ్యేసరికి తెర మారిపోయి, ఏదో ఎర్రర్ పేరు ఒకటి మెరిపించి, తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. ఒక్కోసారి ఆ పేరు కూడా ఉండదు, టప్పున ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది.

2021లో కట్టించిన అసెంబుల్డ్ కంప్యూటర్. రైజెన్ 5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, విండోస్ 11. నిరుడు ఎక్సెల్ ఫైళ్లు బరువెక్కాయని మా ఆయన మరో 8 జీబీ స్టిక్కు వేయించారు. రిపేరుకు ఇస్తే విండోస్ మళ్లీ వేసి ఇచ్చారు. వారం తిరగకుండా మళ్లీ అదే వరస. ఇప్పుడు మదర్‌బోర్డు పోయింది, మార్చాల్సిందే అంటున్నారు. అంత డబ్బు పెట్టేముందు మీలో ఎవరైనా దారి చూపిస్తారని ఆశ.

అరండల్‌పేట_అల్లం (గుంటూరు)
బోర్డు మార్చమన్నారంటే కారణం దొరకలేదని అర్థం. నాకూ దొరకలేదు, కాకపోతే నేను డబ్బులు అడగడం లేదు. ఎస్ఎఫ్‌సీ స్కాన్ ఒకటి, డిస్క్ చెక్ ఒకటి చేసి చూడండి. ఖర్చు లేని పని.

టంకం (విజయవాడ, గవర్నర్‌పేట)
అల్లం గారూ, ఎస్ఎఫ్‌సీ విండోస్ సొంత ఫైళ్లు చెడిపోయాయేమో చూసి సరిచేస్తుంది, అంతవరకే. విండోస్ మొత్తం కొత్తగా వేశాక కూడా జబ్బు తిరిగొచ్చిందంటే అనుమానం ఇక పెట్టె మీదకు మళ్లాలి.

అమ్మా, ముందు కొన్ని సంగతులు చెప్పండి. ఒకటి, మీది సింగ్‌నగర్ వైపు కాదు కదా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నీళ్లలో నానిన పెట్టెలు మా కొట్టుకు వరసగా వచ్చాయి. ఆరబెట్టకుండా ఆత్రంగా స్విచ్ వేసినవి అక్కడికక్కడే పోయాయి. శుభ్రం చేసి ఇచ్చినవాటిలో కూడా కొన్ని నెలల తరబడి నడిచి, తర్వాత బోర్డు మీద పచ్చటి తుప్పు పట్టి ఇలాగే రోజుకో రోగం చూపించాయి. రెండు, పెట్టె వెనక స్లాట్ల మూతలన్నీ ఉన్నాయా? మూత లేని సందు బల్లికి గుమ్మంతో సమానం. ఎస్ఎంపీఎస్‌లో, అంటే కంప్యూటర్‌కు కరెంటు మార్చి ఇచ్చే డబ్బాలో, మాడిపోయిన బల్లిని తీయని మెకానిక్ ఈ ఊళ్లో ఉండడు. మూడు, పని చేస్తున్నప్పుడు ప్రాసెసర్ వేడి ఎంత?

ఇంకో ముఖ్యమైన పని. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో స్టార్టప్ అండ్ రికవరీ అనే చోటికి వెళ్లి, తనంతట తాను రీస్టార్ట్ అయ్యే టిక్కు తీసేయండి. అప్పుడు ఎర్రర్ తెర కదలకుండా నిలబడుతుంది, ఫోనుతో ఫొటో తీసుకోవచ్చు.

కొత్త_కీబోర్డు
ఇవన్నీ ఎందుకండీ, పరికరాలను నడిపే డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో కొత్తవి చేసే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. నాకూ నిన్న నీలం తెర వచ్చింది. దాని మీదే కంపెనీ వాళ్ల ఫోన్ నంబరు ఉంటే మాట్లాడాను, వాళ్లే లోపలికి వచ్చి చూస్తామన్నారు. నంబరు కింద ఇస్తున్నాను.

వేదిక నిర్వాహకులు
నంబరు తొలగించాం. కొత్త_కీబోర్డు గారూ, మీరు చూసింది విండోస్ తెర కాదు. విండోస్ నిజంగా పడిపోయినప్పుడు వచ్చే తెర మీద ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. అది బ్రౌజర్ నిండా పరుచుకున్న మోసపు పేజీ. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే పోతుంది, లేదా టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్‌ను మూసేయండి. వాళ్లను ఇప్పటికే లోపలికి రానిచ్చి ఉంటే నెట్ తీసేసి, వాళ్లు వేయించిన ప్రోగ్రాములు తొలగించి, మరో పరికరం నుంచి బ్యాంకు పాస్‌వర్డులు మార్చుకోండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఆ ఒక్క నొక్కు డ్రైవర్ సాఫ్ట్‌వేర్లను కూడా ఈ వేదికలో ఎవరూ సిఫారసు చేయవద్దని మనవి. బాగున్న డ్రైవర్ తీసి పొంతన లేనిది పెట్టిన సందర్భాలు ఇక్కడే బోలెడు చదివాం.

జమాఖర్చు
టంకం గారూ, మా ఇంట్లోకి వరద నీళ్లు రాలేదు. మూతలన్నీ ఉన్నాయి, బల్లి లేదు. వేడి 70 డిగ్రీలు దాటడం లేదు. మీరన్నట్టు టిక్కు తీసేశాక ఎర్రర్లు చదవగలిగాను. ఒకరోజు మెమరీ మేనేజ్‌మెంట్. మర్నాడు ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్. ఆ తర్వాత పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా. ఏ రెండు రోజులూ ఒకటే పేరు రావడం లేదు. అన్నట్టు, అందరూ నీలం తెర అంటున్నారు, నాది నల్లగా ఉంది. అదేమైనా వేరే జబ్బా?

డంపు_చదువరి (గుంటూరు, లక్ష్మీపురం)
వేరే జబ్బు కాదండీ. 2025లో విండోస్ 11 అప్‌డేట్‌తో ఆ తెరను నీలం నుంచి నలుపుకు మార్చారు. 2012 నుంచి ఉన్న ఏడుపు మొహం బొమ్మను కూడా తీసేశారు. లోపల జరిగేది మాత్రం పాతదే.

మీరు చెప్పిన వాటిలో పనికొచ్చే సంగతి ఎర్రర్ల పేర్లు కాదు, అవి రోజూ మారుతున్నాయన్నది. తప్పు ఒక డ్రైవర్‌లో ఉంటే సాధారణంగా ఎర్రర్ కూడా ఒకటే వస్తుంది, ఒకటే ఫైలు పేరు చూపిస్తుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి తప్పుగా వెళ్లి సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి, విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ రోజు ప్రపంచమంతా దాదాపు ఒకే ఎర్రర్, ఒకే ఫైలు పేరు. మీ ఇంట్లో జరుగుతున్నది దానికి పూర్తిగా తలకిందులు. రోజుకో పేరు వస్తోందంటే విండోస్ ఎక్కడ కాలు పెడితే అక్కడ నేల కుంగుతోందని అర్థం. మెమరీ, లేదా దానికి అందే విద్యుత్తు.

నమ్మకం కోసం డంపు ఫైళ్లు, అంటే పడిపోయిన క్షణంలో విండోస్ రాసుకున్న నమోదులు, చూద్దాం. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అనే ఫోల్డర్ ఉంటుంది. పడిపోయిన ప్రతిసారీ అందులో ఒక చిన్న ఫైలు చేరాలి. వాటిని ఇక్కడ బహిరంగంగా పెట్టకండి, మెమరీలోని ముక్కలు వాటిలో ఉంటాయి, మీ పనిలో పరాయివాళ్ల లెక్కలు ఉన్నాయి. నాకు విడిగా పంపండి. ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే క్లీనర్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందేమో చూడండి, చెత్త అనుకుని అవి మొదట తుడిచేసేది వీటినే.

బ్రాడీపేట_బైట్ (గుంటూరు)
నాదీ ఇంచుమించు ఇదే కథ, అందుకే చదువుతున్నాను. నేను రాత్రిపూట షట్‌డౌన్ చేసి పొద్దున వేస్తుంటాను, అయినా పాత తిప్పలే ఉంటాయి. రీస్టార్ట్ చేస్తే మాత్రం కాసేపు బాగుంటుంది. ఎందుకంటారు?

డంపు_చదువరి
విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ లోపలి ప్రధాన భాగమైన కెర్నల్ స్థితిని డిస్కులో దాచుకుని, మర్నాడు దాన్నే తిరిగి ఎక్కిస్తుంది. డ్రైవర్ల గజిబిజి కూడా దాంతోపాటే తిరిగొస్తుంది. రీస్టార్ట్‌లో అలా దాచుకోదు, అంతా మొదటి నుంచి ఎక్కిస్తుంది. పరీక్షలు చేస్తున్నన్నాళ్లు దాన్ని తీసేసి ఉంచండి.

జమాఖర్చు
క్లీనర్ ఉంది, తీసేశాను. ఫైళ్లు మీకు పంపాను. విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ కూడా తెరిచి చూశాను. అక్కడ నాకు వింతగా తోచింది ఒకటి ఉంది. కొన్నిసార్లు 1001 నంబరుతో బగ్‌చెక్ అని ఎర్రర్ వివరం ఉంది. కొన్నిసార్లు కెర్నల్ పవర్ 41 అని మాత్రమే ఉంది, దాని లోపల బగ్‌చెక్ కోడ్ దగ్గర సున్నా ఉంది. ఆ రోజుల్లో డంపు ఫైలు కూడా లేదు.

డంపు_చదువరి
ఇది ముందే తెలిసి ఉంటే సగం తర్జనభర్జన తప్పేది. మీకున్నది ఒక జబ్బు కాదు, రెండు. అందుకే ఎవరికీ చిక్కడం లేదు.

41 అంటే సరిగ్గా మూతపడకుండా మళ్లీ మొదలైందని మాత్రమే. అది ఫలితం, కారణం కాదు. దాని లోపల కోడ్ సున్నా ఉంటే విండోస్‌కు ఎర్రర్ రాసే తీరిక కూడా దొరకలేదన్నమాట. కరెంటు తెగింది, రీసెట్ అయింది, లేదా పూర్తిగా బిగుసుకుపోయింది. అది టంకం గారి ఇలాకా.

ఎర్రర్ చూపించి పడిపోయిన రోజుల సంగతి వేరు. మీ డంపులన్నీ విప్పి చూశాను. చాలావాటిలో ఎన్‌టీఓఎస్ కెర్నల్ పేరు కనిపిస్తోంది. అది విండోస్ గుండెకాయ. శవం ఎవరింట్లో దొరికితే వాడే హంతకుడు కానట్టు, ఆ పేరు కనిపించినంత మాత్రాన విండోస్ తప్పు కాదు. మీ రిపేరు కొట్టువారు ఆ పేరు చూసే విండోస్ మళ్లీ వేసి ఉంటారు. నా ఓటు ర్యామ్‌కే.

టంకం
ర్యామ్ పరీక్ష నేను చెబుతాను. విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నస్టిక్‌ను నమ్ముకోకండి. అది తప్పు పట్టిందంటే తప్పు ఉన్నట్టే, పట్టకపోతే ఏమీ తేలనట్టే. మెమ్‌టెస్ట్86 ఉచిత కూర్పును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దాన్నుంచి కంప్యూటర్ మొదలుపెట్టండి. నాలుగు పాసులు, అంటే మొత్తం ర్యామ్‌ను నాలుగుసార్లు చుట్టిరావడం, పూర్తి కావాలి. 16 జీబీకి గంటల తరబడి పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి అనేవాణ్ని, కానీ మీది సాయంత్రపు జబ్బు కాబట్టి మధ్యాహ్నం మొదలుపెట్టి చీకటి పడేదాకా నడవనివ్వండి. గది వేడెక్కాకే బయటపడే తప్పులు ఉంటాయి. ఎర్రగా ఒక్క గీత వచ్చినా చాలు, ఒకటే కదా అని వదిలేయకూడదు. ర్యామ్‌లో సమ్మతమైన తప్పుల సంఖ్య సున్నా.

ముందు రెండు స్టిక్కులతో, తర్వాత ఒక్కొక్కదానితో. స్లాటు మార్చకుండా స్టిక్కు మాత్రం మార్చండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పని చేసిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. విప్పేముందు ప్లగ్గు పీకండి. స్టిక్కు బంగారు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. ఈ ఊరి ఉక్కపోతకు ఆ అంచు మీద పొర పడుతుంది, నేను చూసిన ర్యామ్ కేసుల్లో చాలావరకు ఆ తుడుపుతోనే తీరిపోయాయి. ఎస్ఎంపీఎస్‌ను మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా ఉండవచ్చు, అది చేతికి తగిలితే కంప్యూటర్ బాగుచేయడానికి మనిషి మిగలడు.

ఈలోగా ఎస్ఎస్‌డీని క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోతో ఒకసారి చూడండి. ట్యాలీ డేటా వేరే డ్రైవ్‌లోకి కాపీ తీయడం ఈ రోజే చేయండి, మిగతావన్నీ రేపైనా ఫర్వాలేదు.

ఫేజు_న్యూట్రల్ (తాడేపల్లి)
కోడ్ సున్నా ఉన్న రోజుల గురించి అడుగుతాను. ఇంట్లో ఇన్వర్టర్ ఉందా? ఉంటే కంప్యూటర్ దాని లైనులోనే ఉందా? ఆరిపోయిన సమయాలకూ కరెంటు పోయిన సమయాలకూ పొంతన కుదురుతోందేమో చూడండి.

అడగడానికి కారణం ఉంది. మామూలు ఇంటి ఇన్వర్టర్లలో చాలావాటికి వెనకో పక్కనో ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఒకవైపు యూపీఎస్ మోడ్, మరోవైపు నార్మల్ లేదా ఎకో మోడ్. నార్మల్‌లో ఉంటే వోల్టేజీ సుమారు 100 దాకా పడిపోయినా, 290 దాకా ఎగిరినా మెయిన్స్‌నే (వీధి కరెంటునే) అలాగే పంపిస్తుంది, బ్యాటరీకి మారడం కూడా నిదానంగా జరుగుతుంది. ఫ్యాన్లకూ లైట్లకూ అది హాయి, బ్యాటరీ ఆదా. యూపీఎస్ మోడ్‌లో సుమారు 180 నుంచి 260 మధ్య ఉంటేనే మెయిన్స్ వాడుతుంది, దాటితే వెంటనే బ్యాటరీకి దూకుతుంది.

ఇప్పుడు ఎస్ఎంపీఎస్ వైపు చూడండి. కరెంటు తెగాక తన కెపాసిటర్లలో ఉన్నదానితో అది నెట్టుకురావాల్సింది 16, 17 మిల్లీ సెకన్లు. అదీ కొత్త, మంచి ఎస్ఎంపీఎస్ అయితే. పాతబడితే ఇంకా తగ్గుతుంది. ఇన్వర్టర్ అంతకన్నా ఆలస్యం చేసిందా, కంప్యూటర్ టప్పు. సాయంత్రం వీధిలో ఏసీలన్నీ మొదలయ్యాక వోల్టేజీ పడిపోతే, కెపాసిటర్ల నిల్వ ముందే తక్కువగా ఉంటుంది. మీ సాయంత్రాల లెక్క నాకు అక్కడే కుదురుతోంది.

బయోస్‌లో, అంటే విండోస్ మొదలయ్యేముందు తెరవగలిగే సెట్టింగుల తెరలో, 12 వోల్టుల రీడింగు కనిపిస్తుంది, చూసి చెప్పండి. 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. అయితే బయోస్‌లో పని ఒత్తిడి ఉండదు కాబట్టి అక్కడ బాగుంటే మొత్తం బాగున్నట్టు కాదు.

జమాఖర్చు
కొన్ని జవాబులు దొరికాయి. ఎస్ఎస్‌డీ ఆరోగ్యం బాగుంది. 12 వోల్టుల దగ్గర 11.9 చూపిస్తోంది. మెమ్‌టెస్ట్ రెండు స్టిక్కులతో పెడితే సాయంత్రానికి ఎర్ర గీతలు వరసగా వచ్చాయి. పాత స్టిక్కు ఒక్కటే పెడితే శుభ్రం. సరే, కొత్తదే దొంగ అనుకుని దాన్ని ఒక్కదాన్నే పెట్టాను. అదీ శుభ్రమే! రబ్బరుతో రుద్దడం కూడా అయింది. విడివిడిగా ఇద్దరూ బుద్ధిమంతులే, కలిపి కూర్చోబెడితే గొడవ. మా ఆయన నవ్వుతున్నారు.

డంపు_చదువరి
రెండు స్టిక్కుల మీద ఉన్న చీటీల ఫొటోలు పంపండి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను మామూలు కన్నా వేగంగా నడిపే అమరిక, ఆన్‌లో ఉందో లేదో కూడా.

జమాఖర్చు
ఆన్‌లోనే ఉంది. చీటీల మీద రెండింటికీ 3200 అనే ఉంది. కంపెనీలు వేరు. పాతదానికి సీఎల్16, కొత్తదానికి సీఎల్22 అని ఉంది.

డంపు_చదువరి
దొరికింది. 3200 అన్న అంకె ఒకటే చూసి కొట్టువారు జత కుదిరిందనుకున్నారు. అసలు తేడా ఆ రెండో అంకెలో ఉంది. సీఎల్ అంటే అడిగిన డేటా ఇవ్వడానికి స్టిక్కు ఎన్ని క్లాకులు తీసుకుంటుందో చెప్పే లెక్క. ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే బోర్డు పాత స్టిక్కులో రాసి ఉన్న చురుకైన లెక్క తీసుకుని రెండింటికీ అదే రుద్దుతోంది. 22కి తయారైన స్టిక్కును 16లో పరిగెత్తిస్తే చల్లగా ఉన్నంతసేపు ఎలాగో లాక్కొస్తుంది, వేడెక్కాక తడబడుతుంది. ఒంటరిగా పెట్టినప్పుడు దానికి తన లెక్కే దొరుకుతుంది, అందుకే శుభ్రం.

ఎక్స్‌ఎంపీ ఆపేయండి. రెండూ ఒప్పుకునే వేగానికి, బహుశా 2666కి, దిగుతాయి. ఆ స్థితిలో మళ్లీ మెమ్‌టెస్ట్ పెట్టండి. శుభ్రంగా వస్తే బోర్డు మార్చే మాట మరిచిపోవచ్చు. లెక్కల పనిలో 3200కీ 2666కీ తేడా మీ కంటికి ఆనదు.

అరండల్‌పేట_అల్లం
జత స్టిక్కులు కొనుక్కుంటే పోయేది కదా అని ఎవరో ఒకరు అనేలోపు చెబుతున్నాను, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు చూశారా? మా మిర్చి యార్డులో కూడా రేటు ఇంతలా ఎగరదు. ఉన్న స్టిక్కులనే బుజ్జగించి వాడుకోవడం మంచిది.

జమాఖర్చు
ఎక్స్‌ఎంపీ ఆపాను. 2666 చూపిస్తోంది. మెమ్‌టెస్ట్ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా నడిచింది, ఒక్క ఎర్ర గీత లేదు. అప్పటి నుంచి ఎర్రర్ తెర మళ్లీ కనిపించలేదు. 3బీలు కూడా ఎక్కువ భాగం పూర్తయ్యాయి.

ఫేజు_న్యూట్రల్ గారు చెప్పిన స్విచ్ మెట్ల కింద ఉన్న ఇన్వర్టర్ వెనకాల దొరికింది. ఎకోలో ఉంది. యూపీఎస్ వైపు తిప్పాను. నిన్న సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, ఫ్యాను వేగం మారింది గానీ కంప్యూటర్ కదల్లేదు. ఒక అనుమానం మిగిలింది. ర్యామ్ తీయడానికి పెట్టెను చెప్పుల్లేకుండా ముట్టుకున్నప్పుడు చేతికి చిమచిమ అనిపించింది. అప్పటికి ప్లగ్గు తీయలేదు.

ఫేజు_న్యూట్రల్
ఆ చిమచిమ మీకు ఎర్త్ అందడం లేదని చెబుతోంది. ఎస్ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి పెట్టె ఇనుముకు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ తీగ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే పెట్టె మీద మెయిన్స్‌లో సగం, అంటే 115 వోల్టుల దాకా తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమనడంతో సరిపోయింది. కానీ లోపల ఏదైనా తీగ తెగి ఇనుముకు తగిలిన రోజున ఎర్త్ లేకపోవడం ప్రాణం మీదకు వస్తుంది.

ముందు ఎక్స్‌టెన్షన్ బాక్సు చూడండి. మూడు కన్నాలు ఉండి లోపల రెండే తీగలు ఉన్న బాక్సులు బజారులో ఇప్పటికీ అమ్ముతున్నారు. దాన్ని తీసేసి గోడ ప్లగ్గులో నేరుగా పెట్టి ఎలక్ట్రీషియన్‌తో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి, 230కి దగ్గరగా రావాలి. గోడ దగ్గరే రాకపోతే ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉండవచ్చు. ఎండాకాలం దాంట్లో నీళ్లు పోయాలన్న సంగతి మన అపార్ట్‌మెంట్లలో ఎవరికీ గుర్తుండదు.

జమాఖర్చు
బాక్సులోనే ఉంది తప్పు, రెండే తీగలు. గోడ దగ్గర 228 వచ్చింది. బాక్సు పారేశాను.

బ్రాడీపేట_బైట్
జమాఖర్చు గారికి తీరింది, నాకు తీరలేదు. ఈవెంట్ వ్యూయర్‌లో నాకన్నీ 41లే, కోడ్ సున్నా, అన్నీ కరెంటు పోయిన నిమిషాలకు సరిపోతున్నాయి. మా ఇన్వర్టర్ పాత స్క్వేర్ వేవ్‌ది (వీధి కరెంటులా నున్నటి అల కాకుండా చతురస్రపు అల ఇచ్చేది), దానికి ఆ స్విచ్చే లేదు.

టంకం
దాన్ని ఫ్యాన్లకు వదిలేయండి. కొత్తరకం ఎస్ఎంపీఎస్‌లలో కొన్నింటికి స్క్వేర్ వేవ్ అసలు పడదు. కంప్యూటర్‌ను ఇన్వర్టర్ లేని ప్లగ్గుకు మార్చి, దానికి విడిగా 600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టండి. గ్రాఫిక్స్ కార్డు లేని పెట్టెకు, మానిటర్‌కు అది సరిపోతుంది. ప్రింటర్‌ను, ముఖ్యంగా లేజర్‌ను, దానికి తగిలించకండి. పది నిమిషాలు ఆగితే చాలు, ఫైలు సేవ్ చేసి మూసుకోవడానికి. కొనేటప్పుడు లోపలి బ్యాటరీ తయారీ తేదీ అడగండి, గోడౌన్‌లో ఏడాది పడి ఉన్నది అంటగట్టే అవకాశం ఉంది. గుంటూరులో దొరక్కపోతే ఇటు రండి, చూపిస్తాను.